సొంతూరి పేజీలో తప్పులు దిద్దితే అరగంటలో తీసేశారు. ఇప్పుడేం చేయాలి?

వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది. విశాఖ గోపాలపట్నంలో ఉంటున్న ఒక కుర్రాడు, చోడవరం దగ్గరి తన సొంతూరి పేజీని తెలుగు వికీపీడియాలో చూశాడు. జిల్లా తప్పు. జనాభా పాతది. ఊరి పేరులో ఒక అక్షరం తేడా. రామాలయం ఊసే లేదు. రాత్రి కూర్చుని నాలుగూ సరిచేశాడు. అరగంట తిరక్కుండా ఎవరో అన్నీ తీసేసి పేజీని మళ్ళీ పాత రూపానికి తెచ్చేశారు. "నేను పుట్టి పెరిగిన ఊరి గురించి ఎక్కడో ఉన్న మనిషికి నాకంటే ఎక్కువ తెలుసా? ఇక వదిలేయమంటారా?" అని అడుగుతున్నాడు.

వదిలేయొద్దు బాబూ. మీకు కోపం రావడం సహజం. తల్లి పుట్టింటి సంగతి మేనమామకే చెప్పబోయినట్టు అనిపించి ఉంటుంది. నేను పదిహేనేళ్ళుగా తెవికీలో తప్పులు దిద్దుతున్నాను (తెలుగు వికీపీడియాని మేమంతా అలాగే అంటాం). ఉద్యోగం పోర్టులో, సరుకు లెక్కల రిజిస్టర్ల దగ్గర. ఇప్పుడు రిటైరయ్యాను. మీరు చెప్పిన పేరుతో పేజీ చరిత్ర (ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే జాబితా) తెరిచి మీ మార్పులన్నీ వరసగా చూశాను. ఊరి పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

మీ నాలుగు మార్పుల్లో రెండు సరైనవి. ఒకటి సరైనదో కాదో తేల్చుకునే దారి లేనిది. ఇంకొకటి అసలు అక్కడ ఉండకూడనిది. నాలుగింటినీ ఒకే మూట కట్టి భద్రపరిచారు. అందుకే మూట మొత్తం వెనక్కి పోయింది.

ఆ రాత్రి మీ మార్పుని చూసిన మనిషి స్థానంలో ఒక్క నిమిషం కూర్చోండి. ఆయన ముందు "ఇటీవలి మార్పులు" అనే జాబితా ఉంటుంది. తెవికీ 2003 డిసెంబరులో మొదలైంది, ఇప్పుడు పేజీలు లక్ష దాటాయి. వాటికి క్రమం తప్పకుండా కాపలా కాసేవాళ్ళు మాత్రం కొద్దిమంది. అందరూ నాలాంటి వాళ్ళే, జీతం లేదు, ఇంట్లో పని ముగించుకుని కూర్చుంటారు. ఆ జాబితాలో ఒక వరస: ఖాతా లేని మనిషి, జనాభా అంకె మారింది, జిల్లా మారింది, మూలం లేదు, ఎందుకు మార్చారో ఒక్క ముక్క కూడా లేదు, కింద మూడు పేరాల పత్రిక వార్త. అల్లరికి పేజీలు చెడగొట్టేవాళ్ళు చేసే పని కూడా సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది. అంకె మార్చి, మాట్లాడకుండా వెళ్ళిపోతారు. మీ మంచి ఉద్దేశం ఆ వరసలో ఎక్కడా కనబడదు. కనబడేలా చేయాల్సింది మీరే.

పోర్టులో నేను చేరిన మొదటి వారం మా పెద్దగుమస్తా గారు నేర్పింది ఒకటుంది. రిజిస్టరులో టన్నుల అంకె తప్పు పడితే రబ్బరుతో చెరపకూడదు, బ్లేడుతో గీకకూడదు. తప్పు అంకె చదవడానికి వీలుగా దాని మీద ఒక్క గీత కొట్టాలి, పైన సరైన అంకె వేయాలి, పక్కన పొట్టి సంతకం, తేదీ, ఏ కాగితం చూసి దిద్దామో దాని నంబరు. "నువ్వు నిజాయితీపరుడివని నాకు తెలుసు, పదేళ్ళ తర్వాత ఈ రిజిస్టరు తెరిచేవాడికి తెలియదు కదా" అనేవారు. వికీలో పేజీ చరిత్ర ఆ రిజిస్టరే. పాత అంకె ఎక్కడికీ పోదు. పొట్టి సంతకం మీ ఖాతా పేరు. కాగితం నంబరు మీరిచ్చే మూలం. తర్వాత వచ్చే మనిషి మిమ్మల్ని నమ్మాల్సిన అవసరం లేకుండా, తనే సరిచూసుకునే దారి వేసి వెళ్ళాలి. ఈ పని మొత్తంలో నేను నేర్చుకున్నది అదొక్కటే. మీరు దిద్దింది నిజమే అయినా ఆ దారి లేకపోతే అది నిలబడదు.

ఇక మీ మార్పులు ఒక్కొక్కటీ చూద్దాం.

జిల్లా సంగతిలో మీరన్నదే కరెక్టు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు పాత విశాఖపట్నం జిల్లా మూడు ముక్కలైంది: విశాఖపట్నం, అనకాపల్లి, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా. చోడవరం అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. అయితే మీరు పేజీలో "విశాఖపట్నం జిల్లా" అని ఉన్న ప్రతిచోటా "అనకాపల్లి జిల్లా" అని పెట్టేశారు. "2011 జనగణన ప్రకారం" అని మొదలయ్యే వాక్యంలో కూడా. 2011లో అనకాపల్లి జిల్లా లేదు కదా. ఆ జనగణన పుస్తకంలో మీ ఊరు విశాఖపట్నం జిల్లా కిందే ఉంటుంది, ఎవరైనా సరిచూద్దామని అనకాపల్లి కింద వెతికితే దొరకదు. మొదటి వాక్యంలో ఇప్పటి జిల్లా రాసి, పునర్వ్యవస్థీకరణకు ముందు ఏ జిల్లాలో ఉండేదో మరో వాక్యంలో చెప్పాలి. మూలంగా ప్రభుత్వ గెజిట్ నోటిఫికేషన్ ఇవ్వండి, లేదా అనకాపల్లి జిల్లా అధికారిక వెబ్‌సైటులో మీ మండలం పేరున్న పేజీ ఇవ్వండి. ఇలాంటి తప్పులు ఇంకా చాలా ఉన్నాయి. అరకులోయ, బొర్రా గుహలు విశాఖ జిల్లాలో ఉన్నాయని రాసిన వాక్యాలు ఇప్పటికీ నాకు అక్కడక్కడా తగులుతుంటాయి. అవి రాసిన రోజున తప్పులు కావు. రాసినవాళ్ళని ఏమీ అనకుండా, తేదీ కలిపి సరిచేస్తే చాలు.

జనాభా. పాత అంకె తీసేసి, సచివాలయంలో అడిగి తెలుసుకున్న అంకె వేశారు. మీకు చెప్పినవాళ్ళు సరిగ్గానే చెప్పి ఉండొచ్చు. కానీ నోటి మాట నీటి మూట. రేపు ఇంకొకరు వెళ్ళి అడిగితే ఇంకో అంకె వస్తుంది, ఏది రైటో తేల్చే మార్గం ఉండదు. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది కాబట్టి 2011 లెక్క పాతదైనా, అచ్చులో అందరికీ అందుబాటులో ఉన్నది అదే. "2011 నాటికి" అన్న మాట ఉన్నంతవరకూ ఆ వాక్యంలో తప్పు లేదు. పాతబడడం వేరు, తప్పు కావడం వేరు. కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ఒక్కోసారి రెండు అంకెలూ నిజమే అవుతాయి. విశాఖ నగర జనాభా 2011 జనగణనలో 17,28,128 అని ఒకచోట, 20,35,922 అని ఇంకోచోట కనిపిస్తుంది. రెండోది విస్తరించిన నగర పరిధికి కట్టిన లెక్క. ఇంతకంటే బాగా గుర్తుండిపోయింది హుద్‌హుద్. 2014 అక్టోబరు 12న తుపాను మన మీదుగానే తీరం దాటింది. మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్‌లో ఛార్జింగ్ దొరికాక తెవికీ తెరిచి చూస్తే గాలి వేగం గురించి యుద్ధం. ఒకరు గంటకు 185 కిలోమీటర్లు అని రాస్తే ఇంకొకరు 215 అని దిద్దుతున్నారు, మొదటివారు మళ్ళీ 185 పెడుతున్నారు. ఇద్దరి దగ్గరా నమ్మదగిన మూలాలే ఉన్నాయి. తేడా కొలతలో ఉంది. మన వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటు తీస్తుంది. అమెరికా నౌకాదళ, వాయుసేనల ఉమ్మడి తుపాను కేంద్రం ఒక్క నిమిషం సగటు తీస్తుంది. తక్కువ సేపటి సగటు ఎప్పుడూ ఎక్కువ వేగం చూపిస్తుంది. రెండు అంకెలూ ఉంచి, ఏది ఎవరి కొలతో పక్కన రాయమని ఇద్దరికీ చెబితే గొడవ అక్కడితో సద్దుమణిగింది. అప్పటినుంచి రెండు అంకెలు కొట్టుకుంటుంటే, ఏది నిజమని వెతికే ముందు దేన్ని కొలిచారని వెతుకుతాను.

మూడోది ఊరి పేరు. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మీలాంటి వాళ్ళు తప్ప ఇంకెవరూ దిద్దలేని తప్పు ఇదే. జనగణన జాబితాల్లో గ్రామాల పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటాయి. వాటిని చూసి తెలుగులో రాసేటప్పుడు ద, డ, త, ట, ల, ళ, న, ణ అన్నీ కలిసిపోతాయి. పొట్టి అచ్చు ఏదో, పొడుగు అచ్చు ఏదో ఆ అక్షరాలు చెప్పవు. మాడుగుల పేరు ఎప్పుడూ విననివాడు ఇంగ్లిషులో చూసి మదుగుల అని చదివితే వాడి తప్పు లేదు. మన వైపు గెడ్డ అంటే వాగు. ఎన్నో ఊళ్ళ పేర్లలో అది ఉంటుంది. కృష్ణా గుంటూరుల వైపు ఆ మాట వాడరు, కాబట్టి అక్కడివాళ్ళు దాన్ని గెద్ద అని రాసేస్తారు. వాగు పక్షి అయిపోతుంది. వాళ్ళు కష్టపడి వేల ఊళ్ళకు పేజీలు పెట్టారు, వాళ్ళే లేకపోతే మీ ఊరికి పేజీయే ఉండేది కాదు. వాళ్ళు వదిలిన ఖాళీని పూరించాల్సింది ఆ ఊరి నీళ్ళు తాగినవాళ్ళు.

కానీ పేరు దిద్దడానికి మీరు ఎంచుకున్న పద్ధతి కుదరదు. లోపల వ్యాసంలో అక్షరం మార్చారు, పైన పేజీ పేరు పాతదే ఉండిపోయింది. చూసేవాళ్ళకు ఇవి రెండు వేరు ఊళ్ళేమో అన్న అనుమానం వస్తుంది. పేజీ పేరు మార్చడాన్ని "తరలింపు" అంటారు. తరలిస్తే పాత పేరు దారిమార్పుగా మిగిలి, దానితో వెతికినవాళ్ళు కూడా కొత్త పేజీకే వస్తారు. కొత్త ఖాతాకు ఆ వీలు వెంటనే ఉండదు. కాబట్టి చర్చ పేజీలో (ప్రతి పేజీకీ, ప్రతి సభ్యుడికీ మాట్లాడుకోవడానికి పక్కనే ఒకటి ఉంటుంది) ఆధారాలు పెట్టి అడగండి. ఆధారమంటే పెద్ద పుస్తకమే అక్కర్లేదు. ఊరి మొదట్లో రోడ్లు భవనాల శాఖ వాళ్ళు పెట్టిన బోర్డు, బడి మీద రాసిన పేరు, పంచాయతీ కార్యాలయం బోర్డు, ఇవన్నీ తెలుగులోనే ఉంటాయి. మీ ఫోన్‌తో మీరే ఫొటో తీసి వికీమీడియా కామన్స్‌లోకి (వికీపీడియాలో వాడే ఫొటోలు దాచే చోటు) ఎక్కించండి. రెండు మూడు బోర్డుల్లో ఒకే రూపం ఉంటే ఎవరూ కాదనరు. బోర్డులు తలో రకంగా ఉంటే పట్టాదారు పాసుపుస్తకాల్లో రెవెన్యూ గ్రామం పేరు ఎలా ఉందో చూడండి. అయితే పాసుపుస్తకం ఫొటో మాత్రం ఎక్కడా పెట్టొద్దు, అందులో ఒకరి ఆస్తి వివరాలు, ఆధార్ సంగతులు ఉంటాయి.

రామాలయం సంగతి చెప్పడం నాకు కష్టంగానే ఉంది. పత్రిక వెబ్‌సైటులో వచ్చిన వార్తని ఉన్నదున్నట్టు అతికించారు. అది కాపీహక్కుల ఉల్లంఘన, చూసినవాళ్ళు తీసేయక తప్పదు. వికీలో మనం రాసే ప్రతి వాక్యాన్నీ ఎవరైనా, అమ్ముకోవడానికైనా సరే, వాడుకోవచ్చన్న షరతు మీద ఇస్తున్నాం. మనది కాని వాక్యాన్ని అలా ఇచ్చే హక్కు మనకు లేదు. సంగతులకు కాపీహక్కు ఉండదు, రాసిన వాక్యాలకు ఉంటుంది. వార్త చదవండి, పక్కన పెట్టండి, తెలిసిన విషయం మీ మాటల్లో రెండు వాక్యాలు రాసి, ఆ వార్తని మూలంగా చూపండి. అక్కడో పదం ఇక్కడో పదం మార్చడం సరిపోదు.

ఆ గుడి మీ ముత్తాతగారు కట్టించారని కూడా రాశారు. ఆ వార్తలో ఆ మాట లేదు. మీ ఇంట్లో అందరికీ తెలుసు, నేనూ నమ్ముతాను. అయినా ఇప్పటికి అది వికీలో పట్టదు. కొన్నేళ్ళ కిందట ఒక ఊరి పేజీలో చెరువు గట్టు మీద ఉన్న సత్రం గురించి రెండు కుటుంబాలవాళ్ళు నెలరోజులు ఒకరి వాక్యం ఒకరు తీసేసుకున్నారు. రెండు ఇళ్ళలోనూ తాతలు చెప్పిన మాటే ఆధారం. ఇద్దరూ అబద్ధమాడే మనుషులు కారు. చివరికి సత్రం ఉందన్న వాక్యం మిగిలింది, కట్టించినవారి పేరు లేకుండా. మన పల్లెల చరిత్ర చాలా భాగం కాగితం మీదకి ఎక్కనే లేదు, ఈ నియమం వల్ల ఎక్కువ నష్టపోయేది మనలాంటి వాళ్ళమే అని నాకూ బాధగా ఉంటుంది. కానీ నియమం సడలిస్తే నోరున్నవాడిదే చరిత్ర అవుతుంది. గుడిలో శిలాఫలకం ఉంటే దాని ఫొటో తీసి కామన్స్‌లో పెట్టండి. ఫలకం మీద ఉన్నదాన్ని "ఫలకం మీద ఇలా ఉంది" అని మాత్రమే చెప్పవచ్చు. ఊరి పెద్దల మాటలు రికార్డు చేయించి, స్థానిక చరిత్ర మీద పనిచేసే వాళ్ళెవరైనా ఒక వ్యాసంగా అచ్చు వేస్తే అప్పుడది మూలం అవుతుంది. మీ సొంత కుటుంబం గురించి కాబట్టి అప్పుడు కూడా మీరే రాయకుండా, చర్చ పేజీలో వివరాలు పెట్టి ఇంకొకర్ని చేర్చమనడం మర్యాద.

"నాకు తెలుసు" అన్న ధీమా ఎంత దెబ్బ తీస్తుందో నా అనుభవంలోనే చూశాను. కొత్తలో ఆంధ్ర విశ్వవిద్యాలయం పేజీలో "మొదట బెజవాడలో ప్రారంభమైంది" అన్న మాట చూసి ఎవరో ఆకతాయి రాశాడనుకుని తీసేశాను. నేను పెదవాల్తేరులో పెరిగినవాణ్ణి. యూనివర్సిటీ గేటు ముందు నుంచే బడికి నడిచి వెళ్ళేవాణ్ణి. మర్నాటికల్లా ఒకాయన ఆ వాక్యాన్ని తిరిగి పెట్టి, నా చర్చ పేజీలో మర్యాదగా ఒక పుస్తకం పేరు, పుట సంఖ్య రాశారు. నేను విసురుగా జవాబిచ్చాను. ఆ వారం యూనివర్సిటీలోని వి.ఎస్. కృష్ణా గ్రంథాలయానికి వెళ్ళి చూస్తే ఆయన చెప్పిందే నిజం. 1926లో విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు కేంద్రం బెజవాడ, వాల్తేరుకు తరలింది 1930లో. కట్టమంచి రామలింగారెడ్డి గారు ఉపాధ్యక్షులుగా ఉన్న తొలి రోజుల సంగతి అది. నేను నలభై ఏళ్ళు రోజూ చూసిన భవనాలు నాకు ఆ నాలుగేళ్ళ గురించి ఏమీ చెప్పలేదు. ఆయనకు క్షమాపణ రాశాను. ఆ తర్వాత తెవికీలో నాకు పని నేర్పింది ఆయనే.

అంటే స్థానికుల జ్ఞానం పనికిరాదని కాదు. ఏది అనుమానించాలో అది చెబుతుంది, ఎక్కడ వెతకాలో చెబుతుంది. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామిని చూడని వైజాగ్ పిల్లాడు ఉండడు. దాని గురించి రాసిన చోట సంవత్సరాలు తరచూ కలగాపులగం అవుతాయి. నౌకాదళంలో చేరింది 1969 డిసెంబరు 18న, సేవ నుంచి విరమించింది 2001 ఫిబ్రవరి 27న, మ్యూజియంగా తెరుచుకుంది 2002 ఆగస్టులో. 2001లో మ్యూజియం అయిందని రాస్తే మీకు వెంటనే ఏదో తేడాగా తోస్తుంది. ఆ తోచడం మంచిదే, దాన్ని పట్టుకుని మూలం దాకా వెళ్ళాలి. అలాగే మన షిప్‌యార్డు. వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా కంపెనీ పెట్టిన యార్డుకి 1941లో పునాది వేశారు, అక్కడ కట్టిన మొదటి ఓడ జలఉషని నెహ్రూ గారు నీళ్ళలోకి దించింది 1948 మార్చి 14న. పునాది వేసిన ఏడాది, ఓడ దిగిన ఏడాది, ప్రభుత్వం చేతికి వచ్చిన ఏడాది, ఈ మూడింట్లో ఏదో ఒకదాన్ని "స్థాపన" అని రాసేస్తుంటారు. ఇలాంటి చోట అంకె మార్చడం కంటే వాక్యాన్ని విడదీయడం మంచిది.

గొప్పల సంగతి ఇంకో రకం. "దేశంలోనే మొదటి", "ఆసియాలోనే పెద్ద" అన్న మాట కనబడితే నా వేలు అక్కడే ఆగిపోతుంది. భీమిలిని దేశంలోనే మొదటి మున్సిపాలిటీ అనేవాళ్ళు ఉన్నారు. అక్కడ మున్సిపాలిటీ వచ్చింది 1861లో అంటారు. మద్రాసు కార్పొరేషన్ 1688 నాటిది. భీమిలి అంటే నాకూ ప్రాణమే, కానీ ఆ ఒక్క తేదీ పక్కన పెడితే వాదన నిలబడదు. డచ్చి సమాధులు, గంటస్తంభం, పావురాలకొండ ఉండగా ఆ ఊరికి లేని గొప్ప అంటగట్టాల్సిన పనేముంది?

నిజంగానే తేలని విషయాలు కూడా ఉంటాయి. అల్లూరి సీతారామరాజు పుట్టిన ఊరు పద్మనాభం మండలంలోని పాండ్రంగి అని మనం అంటాం. పశ్చిమ గోదావరి వాళ్ళు మోగల్లు అంటారు. పుట్టిన సంవత్సరం కూడా 1897 అని కొన్నిచోట్ల, 1898 అని కొన్నిచోట్ల ఉంటుంది. ఇక్కడ ఒకటి తీసేసి ఇంకొకటి పెట్టడం దిద్దుబాటు అనిపించుకోదు. ఎవరు ఏమన్నారో రెండూ మూలాలతో రాయాలి. మీ అభిమానం ఎటున్నా సరే.

మూలాల దగ్గర ఒక పెద్ద ప్రమాదం ఉంది, దీన్ని మాత్రం జాగ్రత్తగా వినండి. ఎవరో వికీలో తప్పు తేదీ రాస్తారు. ఒక పత్రిక ప్రత్యేక సంచిక వేస్తూ హడావుడిలో వికీ చూసి అదే తేదీ వాడుతుంది. ఏడాది తర్వాత ఇంకొకరు వచ్చి ఆ పత్రిక వార్తనే వికీలో మూలంగా పెడతారు. తప్పు తన తోక తనే పట్టుకుని గుండ్రంగా తిరుగుతుంది. దీన్ని పట్టుకోవడానికి నేను చేసేది ఇది: పేజీ చరిత్రలో వెనక్కి వెళ్ళి ఆ తేదీ మొట్టమొదట ఏ రోజు చేరిందో చూస్తాను. పత్రిక వార్త ఆ రోజు కంటే తర్వాతదైతే దాన్ని లెక్కలోకి తీసుకోను, వికీ పుట్టక ముందు అచ్చయినదాని కోసం వెతుకుతాను. మన జిల్లాకు 1907 నాటి గెజిటీర్ (జిల్లా వివరాలతో ప్రభుత్వం వేసిన పుస్తకం) ఉంది, పాత పుస్తకాలు, వెబ్ పేజీల నకళ్ళు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌ అనే సైటులో ఉచితంగా చదవొచ్చు. తెల్లదొరల దృష్టి దాని నిండా ఉంటుంది, అభిప్రాయాలు పక్కన పెట్టి తేదీలు, ఎస్టేట్ల వివరాలు తీసుకోండి. ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో ఒక పూట కూర్చుంటే నెట్‌లో నెల వెతికినా దొరకనివి దొరుకుతాయి. అలా దొరికితే పుట సంఖ్య రాసుకోవడం మరిచిపోవద్దు. నేను ఎన్నోసార్లు పుట రాసుకోక మళ్ళీ బస్సెక్కాను.

వెబ్ లంకె ఇస్తే అదే రోజు దాని నకలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో భద్రపరిచి ఆ లంకె కూడా జోడించండి. పత్రికల సైట్లు రూపం మార్చుకున్నప్పుడల్లా పాత వార్తల లంకెలు చచ్చిపోతాయి. ఇంకో చిన్న సంగతి: కొన్ని పేజీల్లో కుడివైపు సమాచారపెట్టెలో అంకె తప్పుగా ఉంటుంది, పేజీ లోపల ఎంత వెతికినా ఆ అంకె దొరకదు. అది వికీడేటా (అన్ని భాషల వికీలకూ ఉమ్మడిగా ఉండే సమాచార నిల్వ) నుంచి వస్తుంటుంది, అక్కడికి వెళ్ళి మార్చాలి.

బతికున్న మనుషుల గురించి ఆధారం లేని నిందలు కనబడితే మాత్రం ఏమీ ఆలోచించకుండా తీసేయండి. ఎమ్మెల్యే అయినా, బడి మేష్టారైనా సరే. ఒక పేజీలో పడిన అబద్ధం ఒక మనిషి ఇంటి గుమ్మం దాకా వెళుతుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెబుతాను. ముందు ఖాతా తెరవండి. ఖాతా లేకపోతే మీతో మాట్లాడాలన్నా మాకు కష్టం. అసలు పేరు పెట్టక్కర్లేదు. మీ మార్పులు తీసేసిన వ్యక్తి మీద కోపం ఉంచుకోకండి, తీసేసినవి మళ్ళీ మళ్ళీ పెట్టకండి. ఒకే పేజీలో ఒక రోజులో మూడుసార్లకు మించి అలా చేస్తే మిమ్మల్ని కొంతకాలం ఆపేసే వీలుంది, మీరు చెప్పేది నిజమైనా సరే. ఆయన చర్చ పేజీలో ఇలా రాయండి: "ఈ పేజీలో జిల్లా వివరం నేను మార్చింది గెజిట్ ప్రకారమే, మూలం ఇవ్వకపోవడం నా పొరపాటు. ఇప్పుడు మూలంతో మళ్ళీ చేర్చవచ్చా?" నా అనుభవంలో ఇలా అడిగినవాళ్ళకి కసురుకుని జవాబిచ్చినవాళ్ళు చాలా తక్కువ. రెండు రోజులైనా జవాబు రాకపోతే రచ్చబండలో (తెవికీలో అందరూ మాట్లాడుకునే పేజీ) అడగండి. అక్కడ ఎవరో ఒకరు పలుకుతారు.

తర్వాత జిల్లా వాక్యం ఒక్కటే మార్చండి. మూలం ఇవ్వండి. కింద సారాంశం గడిలో "2022 పునర్వ్యవస్థీకరణ ప్రకారం జిల్లా సవరణ, గెజిట్ మూలం చేర్చాను" అని రాయండి. మునుజూపు (మార్చాక పేజీ ఎలా ఉంటుందో ముందే చూపేది) చూసుకుని అప్పుడు ప్రచురించండి. మర్నాడు గుడి గురించి మీ మాటల్లో రెండు వాక్యాలు. ఒక మార్పుకి ఒక భద్రపరచడం. అలా చేస్తే ఒకటి తప్పయినా మిగతావి నిలుస్తాయి. పేజీని మీ వీక్షణ జాబితాలో పెట్టుకోండి, ఎవరు ముట్టుకున్నా మీకు తెలుస్తుంది. నేను రోజూ పొద్దున్న బీచ్ రోడ్డులో నడిచి వచ్చి, టీ తాగుతూ ఆ జాబితా చూస్తాను. ఇరవై నిమిషాల పని.

ఊరి పేరు మాత్రం తొందరపడి మార్చకండి. సంక్రాంతికో ఆదివారానికో ఊరెళ్ళినప్పుడు బడి బోర్డు, పంచాయతీ బోర్డు, రోడ్డు పక్క బోర్డు మూడూ ఫొటోలు తీయండి, అక్షరాలు స్పష్టంగా పడేలా. కామన్స్‌లో ఎక్కించాక పేజీ చర్చలో లంకెలు పెట్టి నాకొక మాట రాయండి. మీ అక్షరమే సరైనదైతే తరలింపు నేను చూసుకుంటాను. మీ మండలంలో గెడ్డ ఉన్న పేర్లు ఇంకో మూడు ఊళ్ళకి ఉన్నాయి, అవి కూడా గెద్దలుగానే పడి ఉన్నాయి. దారిలో ఆ బోర్డులు కూడా తీయగలిగితే తీయండి.